తడిచీరమ్మ వాకిట ఆట ఎందాకా

తంగేడుమిట్టలో బస్సు దిగి వాగు వైపు పావుగంట నడిస్తే భక్తులు శ్రీ తడిచీరమ్మ తల్లి సన్నిధికి చేరుకుంటారు. గోపురాలూ ప్రాకారాలూ ఉంటాయని ఊహించుకుని వచ్చినవారు మొదట కాస్త ముఖం చిట్లించుకోవడం మామూలే. ఇక్కడ ఉన్నవి నాపరాళ్లు పరిచిన ఒక గది, దాని ముందు రేకుల పందిరి, పందిరి ముందు వెడల్పాటి వీధి, అంతే. అయితే లోపలికి వెళ్లి అమ్మవారిని చూసినవారు మాత్రం గభాలున బయటికి రారు. మూడు జానల ఎత్తున్న నల్లరాతి విగ్రహం. తడిసిన ముతక చీర ఒంటికి అతుక్కుపోయినట్లు నడుము నుంచి పాదాల దాకా ముడతలు, వంకర కుచ్చిళ్లు, హడావిడిగా దోపిన కొంగు స్పష్టంగా కనిపిస్తాయి. నడివేసవిలో కూడా పూజారి ఆ కుచ్చిళ్లను పొడిగుడ్డతో తుడిస్తే గుడ్డ చెమ్మగిలుతుంది.

"ఏ శిల్పి చెక్కాడండీ?" అని అడగని యాత్రికుడు లేడు. ఏ శిల్పీ చెక్కలేదు. శిల్పి అయితే కుచ్చిళ్లు ఇంకాస్త తిన్నగా పెట్టి ఉండేవాడు. ఒక ఇల్లాలి మొండితనం వల్లా, ఒక ఊరి మితిమీరిన ప్రేమ వల్లా అమ్మవారికి ఈ రూపం వచ్చింది. ఆ వృత్తాంతం భక్తుల సౌకర్యార్థం ఇక్కడ పొందుపరచబడినది.

పూర్వం ఇక్కడ అమ్మవారికి రూపం లేదు. వాగొడ్డున మొండిగోడల మధ్య నిలబెట్టిన ఒక రాయి, దానికి పసుపు, కుంకుమ, ఏడాదికొక చీర. రెండు చీరలు పెట్టే స్తోమత ఊరికి లేదు. ఉన్నా పెట్టేవారో లేదో చెప్పలేం. ఫాల్గుణ మాసంలో జొన్నకోతలు ముగిశాక మూడు రోజులు జాతర జరిగేది. ప్రతిరోజూ ఆ ఒక్క చీరనే చాకలి మడేలు వంశపు ఆడపడుచు గురవమ్మ వాగులో ఉతికి దండెం మీద ఆరవేసేది. చీర ఆరేదాకా అమ్మవారి ముందు తెర కట్టి ఉంచేవారు. అది ఆరాక తల్లికి చుట్టి, తెర తీసి, నైవేద్యాలు పెట్టేవారు. మధ్యాహ్నం నుంచి వీధిలో భాగవతం ఆట మొదలయ్యేది.

ఆ ఆట ఆడేది భద్రయ్య మేళం. మేళమంటే పెద్ద పటాలమేమీ కాదు. భద్రయ్య, తాళం వేస్తూ వంత పాడే అతని భార్య నరసాంబ, మద్దెల వాయించే ఒక దూరపు బంధువు. భద్రయ్య మనిషి బక్కపలచన. గొంతు మాత్రం వాగు అవతల పొలం పనిలో ఉన్నవారికి కూడా వినబడేది. అతను ఆడవేషం కట్టి వీధిలో నాలుగడుగులు నడిస్తే ఊళ్లో ఆడవాళ్లు ఇంటికెళ్లి తమ నడక సరిచూసుకునేవారట. రాజు వేషం కడితే పెద్దకాపు కోటిరెడ్డి అంతటివాడు తనకు తెలియకుండానే కూర్చున్న చోట సర్దుకునేవాడట.

ఇంతటి కళాకారుడికి ఒకే ఒక్క బలహీనత ఉండేది. ఎవరైనా "ఆహా" అంటే ఇక ఆగలేడు. గంటలో ముగియవలసిన ఘట్టాన్ని మూడు గంటలు లాగేవాడు. చనిపోయిన రాక్షసుడు జనం కోరిక మీద లేచి, మళ్లీ పద్యం పాడి, మళ్లీ చచ్చేవాడు. "ఇంట్లో నేను మంచి మాట అడిగితే ముత్యాలు రాలతాయన్నట్టు మూతి బిగించుకుంటాడు. వీధిలో ముక్కూ మొహం తెలియనివాడు ఇంకోసారి అంటే చాలు, గొంతు కోసి ఇచ్చేస్తాడు" అని నరసాంబ గురవమ్మ దగ్గర వాపోయేది. వాపోతూనే నవ్వేది. ఆ పిచ్చిమనిషి అంటే ఆమెకు ప్రాణం.

అయితే ఒక ఏడాది ఆ నవ్వు ఆగిపోయింది. భద్రయ్యకు దగ్గు పట్టుకుంది. మొదట చలికి అనుకున్నారు, తరువాత దుమ్ముకు అనుకున్నారు. ఆపైన ఒకనాడు ఉత్తరీయం మీద ఎర్రటి మరక కనిపించింది. నరసాంబ అతన్ని లాక్కుపోయి వైద్యునికి చూపించింది. నాడి పట్టి, రొమ్ము మీద చెవి ఆనించి విన్న వైద్యుడు, "ఆట మానమంటే ఈయన బతకడు. ఇట్లాగే ఆడితే అసలు బతకడు. హద్దు పెట్టుకుని ఆడితే ముసలివాడవుతాడు" అని చెప్పాడు. ఆ మాటలు నరసాంబ ఒక్కొక్కటే గుండెలో గుచ్చుకుంటుంటే విన్నది. భద్రయ్య మాత్రం వైద్యుడు తల ఊపే తీరు చూసి, అది ముసలి మంత్రి వేషానికి పనికొస్తుందని నేర్చుకుంటూ కూర్చున్నాడు.

ఆ ఏడు జాతరకు రాగానే నరసాంబ నేరుగా పెద్దకాపు కోటిరెడ్డి అరుగు ముందు నిలబడింది.

"అయ్యా, ఆట వద్దని నేననను. ఎందాకా ఆడాలో మీరు చెప్పండి. ఒక హద్దు పెట్టండి. నా మనిషికి ఆపుకోవడం తెలియదు."

కోటిరెడ్డి మంచివాడు. పైగా భద్రయ్య ఆటంటే చెవి కోసుకుంటాడు. "అంతే కదమ్మా, నేను చుట్ట వెలిగించి కూర్చుంటా. చుట్ట అయిపోయేదాకే ఆట" అన్నాడు. మొదటిరోజు ఆట మొదలైంది. చుట్ట వెలిగింది. పొద్దు వాలింది, వేషాలు మారాయి, యుద్ధాలు జరిగాయి, చుట్ట మాత్రం అయిపోలేదు. చూస్తే ఏముంది, పెద్దకాపు ఒక చుట్ట పీకతో ఇంకొకటి అంటిస్తూ, అడిగినవారికి "అదేరా, ఇది అదే" అంటున్నాడు. ఆ రోజు అతనికి కళ్లు తిరిగి వాంతి అయిందని చెబుతారు. భద్రయ్యకు దగ్గు వచ్చింది.

రెండోరోజు కోటిరెడ్డి తల్లి ఆదెమ్మ పూచీ తీసుకుంది. "మగవాళ్ల మాట నమ్ముతారా ఎవరైనా? నేను వీధిలోనే పొయ్యి పెట్టి అన్నం వండుతా. అన్నం ఉడకగానే ఆట ఆపించే పూచీ నాది" అన్నది. అంత పెద్దావిడ చెప్పాక నరసాంబ కాదనలేకపోయింది. తీరా ఆట రసకందాయంలో పడేసరికి ఆ పెద్దావిడే పొయ్యిలో కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగి, కాలితో మట్టి కప్పుతూ కూర్చుంది. అన్నం ఉడకలేదు. ఆ రోజు భద్రయ్య తన కాళ్ల మీద బసకు రాలేకపోయాడు.

మూడోరోజు ఉదయం పెద్దలందరూ పందిరి కింద కూర్చుని హద్దు గురించి వాదన పెట్టుకున్నారు. గుంజ నీడ ఫలానా రాయి దాకా వచ్చేవరకు అని ఒకరు, మేతకు పోయిన గేదెలు తిరిగి వచ్చేవరకు అని ఒకరు. ఒకాయన తనకు ఆకలి వేసేవరకు అన్నాడు. ఆయన తిండి సంగతి తెలిసినవారు నవ్వి ఊరుకున్నారు. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేని నరసాంబ అమ్మవారి గోడకు ఆనుకుని, ఆ గోల వింటూ వింటూనే నిద్రలోకి జారిపోయింది. ఆ నిద్రలో తెర వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"నరసాంబా, వీళ్ల పంచాయితీ తెగేది కాదు. నాకున్నది ఒక్క చీర. అది ఆరేదాకా నేను తెర వెనక ఒక్కదాన్నే కూర్చోవాలి, పొద్దు పోదు. ఆ కాసేపు నీ మనిషిని ఆడమను. చీర ఆరగానే కట్టుకుని నా బిడ్డలకు కనిపిస్తా. ఆపైన ఆటేంది? నాకూ పనుంటుంది."

నరసాంబ దిగ్గున లేచి ఈ మాట చెప్పింది. అమ్మవారి ఆజ్ఞ అయ్యాక ఇక నోరెత్తేదెవరు? గురవమ్మ చీర పిండి, దండెం మీద వేసి, పక్కనే కూర్చుంది. ఆట మొదలైంది. ఫాల్గుణపు ఎండ, వాగు మీదినుంచి పొడిగాలి. రెండు ఘడియలు తిరిగేసరికి గురవమ్మ కొంగు అంచును చెంపకు ఆనించి చూసి, "ఆరిపోయిందమ్మా" అని కేకేసింది. నరసాంబ తాళం కింద పెట్టింది. భద్రయ్య నోట్లో పద్యం సగంలో నిలిచిపోయింది. అతను అలిగి ఆ సాయంత్రం దాకా భార్యతో మాట్లాడలేదు. కానీ దగ్గలేదు. జొన్నరొట్టెలు మూడు తిన్నాడు. నరసాంబకు ఆ రోజు నేల మీద కాళ్లు ఆనలేదు.

మరుసటి ఏడు జాతర వచ్చింది. హద్దు ఉంది కదా అనే ధైర్యంతో నరసాంబ భర్తకు ఇష్టమైన ఘట్టం కట్టమన్నది. అడవిలో బిడ్డను పోగొట్టుకున్న రాణి, చెట్టునూ పుట్టనూ అడుగుతూ తిరిగే ఘట్టం. భద్రయ్య ఆ రాణి అయ్యాడు. అతని గొంతు ఆనాడు పలికినట్టు ముందెన్నడూ పలకలేదని ఊరంతా ఒప్పుకున్నది. ఆడవాళ్లు చెంగులు తడిసేలా ఏడ్చారు. మగవాళ్లు కంట్లో నలుసు పడిందన్నారు. రెండు ఘడియలు అయ్యాయి. గురవమ్మ చీర పట్టి చూసింది. తడి. నాలుగు ఘడియలు అయ్యాయి. ఇంకా తడి. "ఇదేం వింతమ్మా, ఎండ మాడ్చేస్తోంది, చీర చూస్తే నీళ్లోడుతోంది" అని గురవమ్మ నివ్వెరపోయింది.

వింతేమీ లేదు. ఆదెమ్మ అమ్మవారికి దణ్ణం పెట్టే నెపంతో దండెం దగ్గరికి వెళ్లి, చెంబులో మిగిలిన నీళ్లు చీర మీద జల్లి వచ్చింది. ఒక్క చెంబే కదా అనుకుంది. కోటిరెడ్డి చేతులు కడుక్కునే నెపంతో వెళ్లి చేతులు అక్కడే విదిలించాడు. కుమ్మరాయన కూజా మోసుకుపోతూ తూలిపడ్డాడు, సరిగ్గా అక్కడే. ఇలా ఊళ్లో పాతికమంది, ఆటలో మునిగిపోయిన గురవమ్మ కంట పడకుండా, ఒకరికి తెలియకుండా ఒకరు, తలా ఇంత తడిపి వచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. రాణికి బిడ్డ దొరికేదాకా చూద్దామనే ఆశ, అంతే.

పొద్దు వాలుతోంది. నరసాంబ వంత పాడుతూనే ఉంది గానీ కళ్లు భర్త మీదే ఉన్నాయి. అతను రెండుసార్లు ముఖం పక్కకు తిప్పుకుని కొంగులో దగ్గాడు. జనం అది ఏడుపనుకుని ఇంకా ఏడ్చారు. వేషం మార్చుకోవడానికి అతను పక్కకు తప్పుకోగానే నరసాంబ తాళాన్ని మద్దెలాయన చేతిలో పెట్టి వెనకే వెళ్లింది. వెళ్లి చూసింది కదా, భద్రయ్య దండెం పక్కన నిలబడి, తాగమని ఇచ్చిన నీళ్లచెంబును నిదానంగా చీర కుచ్చిళ్ల మీద వంపుతున్నాడు.

"ఇదేం పనయ్యా?" అన్నది నరసాంబ.

దొంగతనం చేస్తూ పట్టుబడినవాడిలా అతను చెంబు వెనక్కి దాచుకున్నాడు. "ఒక్క ఘట్టమే నరసా. బిడ్డ దొరికేదాకా. అంతమంది ఏడుస్తున్నారే, నడిమధ్యలో వదిలేసి ఎట్టా పోతాను?"

"నువ్వే పోతే నేనెవరిని అడుగుతా తిరగాలి? చెట్టునా, పుట్టనా?"

భద్రయ్య నవ్వి, ఆమె చెంప మీద ఒకసారి చెయ్యి వేసి, ఆట మధ్యలోకి వెళ్లిపోయాడు. మొదటి పద్యం అందుకున్నాడు. రెండో పాదంలో దగ్గు తెర వచ్చింది. ఈసారి కొంగు ఆపలేదు. నోటి నుంచి నెత్తురు రాణి రవిక మీదికి కారింది. అతను మోకాళ్ల మీద కూలబడి కూడా మూడో పాదం కోసం గాలి పీల్చుకుంటున్నాడు.

నరసాంబ ఇక ఎవరినీ అడగలేదు. దండెం మీది చీరను నీళ్లోడుతుండగానే గుంజుకున్నది. అయ్యో అయ్యో అని గురవమ్మ అడ్డం వస్తున్నా ఆగలేదు. తెర పక్కకు నెట్టి లోపలికి పోయింది. చీర ఆరకముందు ఆ తెర దాటినవారు ఊరి చరిత్రలో లేరు. దాటితే కళ్లు పోతాయని చెప్పుకునేవారు. ఆమెకు అవేవీ గుర్తు రాలేదు.

"తల్లీ, నన్ను తిట్టుకో, కళ్లు తీసుకో, నీ ఇష్టం. వీళ్లకు తృప్తి లేదు, ఆయనకు బుద్ధి లేదు. ఈ చీర ఆరేదాకా నా మనిషి ఉండడు. ఆడదానివి, నా బాధ నీకు తెలుస్తుంది. ఈ ఒక్కసారికి తడిచీరే కట్టుకో తల్లీ" అని వలవలా ఏడుస్తూ, హడావిడిగా ఆ రాయికి చీర చుట్టింది. కుచ్చిళ్లు వంకర పోయాయి. కొంగు ఎటో దోపింది. బయటికి వచ్చి, "అమ్మ చీర కట్టుకుంది. ఆట అయిపోయింది. లేవండి" అన్నది.

కోటిరెడ్డి కోపంతో లేచి తెర లాగాడు, అపచారం జరిగిందని చీర తీయబోయాడు. చేతికి గుడ్డ తగల్లేదు, రాయి తగిలింది. చీర రాయిలో కలిసిపోయింది. రాతికి నడుము వచ్చింది, పాదాలు వచ్చాయి, కుచ్చిళ్ల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా జారుతున్నాయి. అంతలో గురవమ్మకు పూనకం వచ్చింది. అమ్మ ఆమె నోట పలికింది.

"చీర ఆరేదాకా అన్నాను. ఆరనిచ్చారా? గుడ్డను మీ చేతికిస్తే తడుపుతారు, పొయ్యిని ఇస్తే ఆర్పుతారు. ఇక ఏ కొలతా మీ చేతికివ్వను. నా బిడ్డ ప్రాణం కంటే నాకు పొడిచీర ఎక్కువా? నేను తడితోనే ఉంటా. ఆటగాడికి తోడు పాడే మనిషి ఎప్పుడు తాళం దించితే అప్పుడు ఆట అయినట్టు. కాదన్నవాడు నా వాకిట్లోకి రానక్కర్లేదు."

మొదట ఆదెమ్మ చెంబు పక్కన పడేసి భోరుమన్నది. "నేను కూడా జల్లానమ్మా" అన్నది. తరువాత కోటిరెడ్డి, తరువాత కుమ్మరాయన. చివరికి తడపనివాళ్లు ఎవరా అని వెతుక్కోవలసి వచ్చింది. ఆ ఊరు భద్రయ్యను మంచం మీద పెట్టి, నాలుగు నెలలు వంతులవారీగా మేకపాలు పట్టి, ఆవిరి పట్టించి, మాట్లాడబోతే నోరు మూయించి మనిషిని చేసింది.

ఆపైన పద్దెనిమిదేళ్లు భద్రయ్య ఇక్కడ ఆడాడు. అతని ముఖంలో రంగు కాస్త పాలిపోయినా, ఊపిరి కాస్త బరువైనా నరసాంబ తాళం దించేసేది. అది గంట కావచ్చు, అరగంట కావచ్చు, ఒక ఏడైతే రాజు సభకు వచ్చి కూర్చోగానే ఆట అయిపోయింది. రాక్షసులు చావకుండా మిగిలిపోయారు, పెళ్లిళ్లు తాళి దాకా వచ్చి ఆగిపోయాయి. ఊరు కిక్కురుమనకుండా లేచి, మిగతా కథ తమలో తాము చెప్పుకుంటూ ఇళ్లకు పోయేది. భద్రయ్య ప్రతిసారీ అలిగేవాడు. ప్రతిసారీ నరసాంబ రొట్టెలో ఇంత వెన్న ఎక్కువ వేసి అలక తీర్చేది.

పంతొమ్మిదో ఏట భద్రయ్య ఒక్కడే వచ్చాడు. నరసాంబ ఆ కార్తికంలో మూడు రోజుల జ్వరంతో కన్నుమూసింది. ముసలివాడవుతాడని వైద్యుడు చెప్పినట్టే అతను ముసలివాడయ్యాడు. ఆమె కాలేదు. అతను ఎవరితోనూ మాట్లాడకుండా రంగు పూసుకుని, ఆమె తాళాన్ని అమ్మవారి గడప మీద పెట్టి, బిడ్డను వెతుక్కునే రాణి ఘట్టం మొదలుపెట్టాడు. మద్దెలాయన ఒక్కడే వాయిస్తున్నాడు. వంత లేదు. ప్రతి పద్యం చివర అలవాటుగా పక్కకు తిరిగి చూసేవాడు. అక్కడ ఎవరూ ఉండరు. మళ్లీ ముందుకు తిరిగి ఇంకో పద్యం అందుకునేవాడు. ఈసారి ఆపేవారు లేరు. ఆగాలనే కోరిక కూడా అతనిలో ఉన్నట్టు కనిపించలేదు. దగ్గు మొదలైంది.

జనంలో ఒక్కరూ "ఆహా" అనలేదు. ముందువరసలో కూర్చున్న కోటిరెడ్డి అప్పటికి బాగా ముసలివాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. వీధి మధ్యకు నడిచి వెళ్లి, రాణి వేషంలో ఉన్న భద్రయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"చాలు భద్రయ్యా. అలిసిపోయావు. ఇంటికి పోదాం రా."

గురవమ్మ లేచింది. "చాలన్నా" అన్నది. కుమ్మరాయన లేచాడు. వీధిలో ఉన్న వారందరూ లేచి నిలబడి, ఒకరి వెనక ఒకరు, చాలు, చాలు అన్నారు. ఎంత ఆడినా ఇంకాస్త అన్న ఊరు అది. భద్రయ్య వాళ్ల ముఖాలన్నీ ఒకసారి చూశాడు. "ఇన్నాళ్లూ ఆ మాట అది ఒక్కతే అనేది" అని, కోటిరెడ్డి భుజం మీద తల పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ పూట ఊరంతా తమ ఇంటికి రమ్మంటే తమ ఇంటికి రమ్మని అతని చెయ్యి లాగారు. అతను తరువాత తొమ్మిదేళ్లు ఇక్కడే ఉన్నాడు.

నేటికీ ఫాల్గుణ జాతరలో భాగవతమైనా, బుర్రకథైనా, కోలాటమైనా ఈ వాకిట ఇదే ఆచారం. ఆటకు వేళ కట్టేది గడియారం కాదు. మైకు పెట్టే కుర్రవాళ్లకు కూడా ఈ సంగతి ముందే చెబుతారు. ఆటగాడి తోడు మనిషి తాళం దించితే ఆట ముగిసినట్టే. తోడు లేక ఒంటరిగా వచ్చినవారికి ఊరే తోడు. కళాకారుని ముఖంలో అలసట కనిపించగానే వయసులో పెద్దవారు లేచి చాలంటారు, వెంటనే అందరూ లేస్తారు. కథ ఎక్కడ ఉన్నా సరే. గొంతు పోయిన గాయకులు, ఆయాసపడే వృద్ధులు, ఇంటికి రాకుండా పనిలో కొట్టుకుపోయే భర్తల కోసం భార్యలు, భార్యల కోసం భర్తలు ఇక్కడ అమ్మవారి కుచ్చిళ్లు తుడిచిన గుడ్డపేలిక ప్రసాదంగా తీసుకెళ్తారు. అమ్మ చల్లగా చూస్తుందని వారి అనుభవం.

వేరే ఊళ్లలో చాలంటే ఆటగాళ్లకు అవమానం. తంగేడుమిట్ట వాకిట ఆ మాట అనిపించుకోవడానికి దూరదూరాల నుంచి వస్తారు. వచ్చి, ఆడి, ఊరంతా లేచి నిలబడి ఆ మాట అన్నప్పుడు, వేషం మీదే కన్నీళ్లు తుడుచుకుని పందిట్లో కూర్చుని భోజనం చేసి వెళ్తారు.